కొట్టంలో ప్లగ్గు మూత

నా గొంగడి కప్పుకుని పోయింది. ఇంట్లో గొడుగు లేదు, నిజమే. గోనెసంచి ఉంది కదా, మడిచి నెత్తిన వేసుకుంటే మొఘల్‌పురా దాటేదాకా చాలదా? చాలదు, గొంగడే కావాలి, ఎందుకంటే గొంగడిలో ఇద్దరు పడతారు. వచ్చేటప్పుడు అతగాడు తడవకూడదు. ఈ మాట పైకి అనేలోపే కొమురమ్మ గల్లీ మలుపు తిరిగింది. కొట్టం చూరు నుంచి ధారలు పడుతున్నాయి, మా బర్రె చంద్రి తల అటూ ఇటూ విసురుతూ గొలుసు గుంజుతోంది, ఒలికిన పాలు వాననీళ్లతో కలిసి మోరీ వైపు పారుతున్నాయి, నేనేమో గడ్డికుప్ప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, నా పెళ్లాం తన మేనబావను పిలుచుకురావడానికి పోతే వాకిలి వైపు చూస్తున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన మగవాడు ఈ నైజాం రాజ్యంలో ఇంకొకడు ఉంటాడా అని నాకు అనుమానం.

జరిగింది ఇంతే. మాపటి పాలు పిండే వేళకు వాన పట్టుకుంది. పాదాలు కూడా చెక్కపీట మీదే పెట్టుకుని కూర్చున్నాను, పొదుగు కడిగాను, దుడ్డెను విడిచి మళ్లీ కట్టేశాను, చేపు వచ్చే సమయానికి చంద్రి ఎగిరి ఒక్క తాపు తన్నింది. తొలిచూలు నాటి నుంచి నా చేతి కింద తోక కూడా ఆడించని బర్రె అది. చెంబు పోయి గోడకు కొట్టుకుంది. బుజ్జగించి మళ్లీ కూర్చున్నాను, మళ్లీ తన్నింది, ఒళ్లంతా వణుకు, కళ్లు తెల్లగా తేలేసింది. ఎవరిదో దిష్టి అనుకుని, ఉప్పూ మిరపకాయలూ తెమ్మని కేకేశాను. కొమురమ్మ గడప దాకా వచ్చి, తడినేల మీద కాలు పెట్టకుండా, అక్కడి నుంచే చంద్రిని ఎగాదిగా చూసింది.

"దిష్టి గాదు గిష్టి గాదు. నీళ్లల్ల కరెంటు దిగితె పశువు నిలువదని వైకుంఠం బావ చెప్పలేదా? దాని దగ్గరికి పోకు. నేను బావను తోల్కస్త."

"గింత వానల వాడెందుకు? పొద్దున జూద్దాం తీ."

"వాడేంది, వాడు? పెద్దోడు. పొద్దటిదాక బర్రె బతకాలె గదా!" అంది, గొంగడి లాక్కుంది, పోయింది.

అప్పుడే నేను ఒక మాట చెప్పి ఉండవలసింది. ప్లగ్గు డబ్బా మీద మూత లేదు. నా కిందే, ఈ గడ్డిలోనే ఉంది. మధ్యాహ్నం ఆమె పిడకలు కొట్టడానికి దడి అవతలికి పోయినప్పుడు మరలు తిప్పి నేనే ఊడదీశాను. రేపు కరెంటు దఫ్తరు నుంచి ఇన్‌స్పెక్టరు సాబు వస్తాడట. తడిచోట పెట్టిన ప్లగ్గుకు మూత ఉందా, మూత కింద రబ్బరు ఉందా అని చేత్తో తడిమి చూడనిదే కాగితం మీద దస్తకతు చేయడట. ఇదంతా వైకుంఠమే చెప్పాడు, చెప్పినప్పుడు ఛాతీ కాస్త విరుచుకున్నాడు కూడా. సరే, చూడనీ అనుకున్నాను. ఖాళీ డబ్బా చూసి సాబు నాలుగు తిడితే, ఈ పనివాడు మాకొద్దు అని నేను ఇంకో నాలుగు అంటే, ఆ మనిషి ఈ వాకిలి తొక్కడు. నాకు కావలసింది అదే. పెద్ద పాపమేమీ కాదు, చేతికి పట్టేంత మూత.

ఆ మూత మా ఇంట్లోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అక్కడెక్కడో యుద్ధం జరుగుతుంటే ఇక్కడ మాకు గ్యాసునూనె దొరకడం మానేసింది. తెల్లవారక ముందే పాలు పిండాలి, లాడ్ బజార్ హోటలుకు మొదటి చాయ వేళకు అందాలి, లాంతరులో నూనె లేదు. చీకట్లో పొదుగు తడుముకుంటూ పిండుతున్నామని విని వైకుంఠం వచ్చాడు. పిలిచింది నేను కాదు. ఇంటికి కరెంటు పెట్టించుకోండి, కొట్టంలో చేతిదీపానికి ఒక ప్లగ్గు పెడతాను అన్నాడు. పెట్టాడు. ఒట్టి గోడకు ఒట్టి ప్లగ్గు కొట్టి పోతే అయిపోయేది, కాని అతని దగ్గర అన్నీ 'ఉండాలె'లే. "తడి ఉన్న కాడ ప్లగ్గు గట్లనే పెట్టరాదు. ఇనుప డబ్బా ఉండాలె. దానికి స్ప్రింగు మూత ఉండాలె. మూత కింద రబ్బరు ఉండాలె. తీగ కిందికెళ్లి రావాలె, మీదికెళ్లొస్తె నీళ్లు తీగ పట్టుకొని లోపటికి దిగుతయ్. దీపం పెట్టినంక గూడ మూత మూసుకోవాలె. ఇది సర్కారు కాయిదా." డబ్బులిచ్చే ఇంటివాణ్ణి నేను, ఎదురుగా నిలబడ్డాను, అతను మాత్రం ఈ కాయిదా అంతా కొమురమ్మకు చెబుతున్నాడు. ఆమె చెంపకు చెయ్యి ఆనించుకుని వింటోంది. నేను ఏదైనా చెబితే సగంలో లేచి పొయ్యి మీద ఎసరు చూసుకునే మనిషి, ఆ రోజు పొయ్యి మీద పప్పు మాడిపోయి వాసన వస్తున్నా కదలలేదు. పైగా అనుమానాలు అడిగింది! రబ్బరు ఎండకు చీలితే ఎట్లా అని అడిగింది. నా పెళ్లానికి ఇన్ని అనుమానాలు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

మూత తెరవడం కూడా నేర్పాడు. చెయ్యి తుడుచుకోవాలె, కాళ్ల కింద చెక్క ఉండాలె, బొటనవేలితో ఇట్ల లేపాలె. ఆమెకు స్ప్రింగు గట్టిగా తగిలింది, జారింది, "గట్ల గాదు మరదలా" అని వేలి మీద వేలు పెట్టి లేపించాడు. ఒక్క క్షణం. ఒక్క క్షణమే అని నాకూ తెలుసు. రాత్రి పడుకున్నాక ఆ ఒక్క క్షణం ఎంత పొడుగు సాగుతుందో వాళ్లకు తెలియదు. అప్పటి నుంచి ఆ మూతకు జరిగే మర్యాద చూడాలి. శుక్రవారం శుక్రవారం చింతపండు పెట్టి తోముతుంది, ఇనుమును ఎవరైనా చింతపండుతో తోముతారా! పసుపు రాస్తుంది, కుంకుమబొట్టు పెడుతుంది, లక్ష్మి అట, వెలుగు ఇచ్చేది లక్ష్మేనట. నా చెప్పు తెగి ఎన్నాళ్లయిందో, దాని వైపు చూసే తీరిక లేదు. వానకూ తడికీ మూత కావాలట. నా బర్రెలు మా తాతల నాటి నుంచి వానలో నానుతున్నాయి, వాటికి ఏ సర్కారు మూత పెట్టింది? మూత ఒక సాకు. రబ్బరు చూసిపోత అని ఒకసారి, స్ప్రింగుకు నూనె వేసిపోత అని ఒకసారి, రావడానికి అదొక సాకు.

చంద్రీ, ఆగవే. గుంజకు. నువ్వు కూడానా? పొద్దున ఆమె పిండితే చెంబు నిండా ఇచ్చావు. వెదురు గుంజకు పగ్గంతో కట్టి, చెవి వెనక గోకి, ఏదో గొణుగుతూ పిండుతుంది, ఇస్తావు. ఇప్పుడు నేను కూర్చుంటే తంతావు. అంటే నువ్వూ ఆ పక్షమే అన్నమాట. గుంజకు ఆమె ఎందుకు కడుతుందో తెలుసా, అతను చెప్పాడు కనుక. "ఈ ఇనుప పైపుకు పశువును కట్టొద్దు" అన్నాడు. నేను పైపుకే కడతాను, గొలుసేసి మరీ కడతాను, అతను వద్దన్నాడు కనుక. డబ్బా నుంచి నేలదాకా దిగిన పైపు, ఇంత మందాన, గోడకు బిగించి, ఏనుగు గుంజినా రాదు. పాలవాడికి అంతకంటే మంచి కట్టుగొయ్య ఎక్కడ దొరుకుతుంది? ఆమె పొద్దున పగ్గంతో గుంజకు కడుతుంది, నేను మాపు విప్పి పైపుకు మారుస్తాను. ఈ మార్చడం గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆమె పంతం గుంజది, నా పంతం పైపుది.

ఇంకా రాలేదు. లాడ్ బజార్ వెనక ఎవరో నవాబు దేవిడిలో పంకాలు బిగిస్తున్నాడట ఈ వారమంతా. ఎక్కడున్నాడో ఆమెకు ఎట్లా తెలుసు? నాకు తెలియదు, ఆమెకు తెలుసు. ఈపాటికి గాజుల దుకాణాల ముందు నుంచి నడుస్తూ ఉండాలి. గాజులు అంటే గుర్తొచ్చింది, బతుకమ్మ పండుగకు ఆమె చేతులకు ఆకుపచ్చ లక్కగాజులు, నడుమ అద్దాలు, ఎక్కడివి? అడిగాను. "వెన్నమ్మిన పైసలతోని కొనుక్కున్న. నా చేతులకు నేను కొనుక్కుంటె గూడ లెక్క చెప్పాల్నా?" అంది. కొన్నదే కావచ్చు. ఆ వారమే అతను ఒక గాజుల దుకాణానికి దీపాలు పెట్టాడు, అదీ నిజమే. రెండు నిజాలు పక్కపక్కన కూర్చుంటే వాటి మధ్య మూడోది ఏదో ఉంటుంది. నేను ఆ మూడోదాన్ని ఎన్నిసార్లు పట్టుకోబోయానో, చేపపిల్లలా జారిపోతుంది. ఇప్పుడు గొంగడి కింద ఇద్దరూ నడుస్తూ ఉంటారు. ఆ గొంగడి నిండా నా చెమట వాసన, బర్రెల వాసన. లాడ్ బజార్ నుంచి ఇక్కడిదాకా అతను నా చెమటలోనే నడవాలి. అది తలుచుకుంటే కొంచెం హాయిగా ఉంది.

అసలు కొమురమ్మ అతనిది కావలసిన పిల్ల. మేనత్త కొడుకు, ఊయలలో ఉన్నప్పుడే అనుకున్న సంబంధం, చాంద్రాయణగుట్టలో పక్కపక్క ఇళ్లు. అతను గొల్లతనం వదిలి కరెంటు పని నేర్చుకున్నాడు, స్తంభాలెక్కడం మొదలుపెట్టాడు. మామకు భయం పట్టుకుంది. "ఎన్నడు పడ్తడో, ఎన్నడు మాడ్తడో, గసొంటోనికి పిల్లనియ్య" అన్నాడు. నాకిచ్చాడు. నా మొహం చూసి కాదు, నాకు అర్థమైంది, కొట్టంలో కట్టేసిన బర్రెలను చూసి, పశువుల మధ్య బతికేవాడు త్వరగా చావడని లెక్కవేసుకుని. అంటే నన్ను ఎవరూ ఎంచుకోలేదు. కరెంటును కాదనుకున్నారు, మిగిలింది నేను. అతను ఇంకా పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదు? ఎవరూ అడగరు. మా వాకిట్లో కూర్చుని చాయ తాగుతూ, "మామ జర ధైర్యం జేస్తె ఈ బర్రెలన్ని నాయే అయితుండె గద మరదలా" అంటాడు. ఆమె పకపకా నవ్వుతుంది. పక్కింటి వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వాలి. బావామరదళ్ల పరాచికానికి మొహం ముడుచుకున్నవాణ్ణి ఊరు బతకనివ్వదు. ఆ వరసే అడ్డు పెట్టుకుని ఎదురుగా నిలబడి ఏమన్నా అనవచ్చు, మగడు మాత్రం పళ్లికిలించాలి. నవ్వి నవ్వి నా దవడలు నొప్పి పుట్టాయి.

మూత మళ్లీ పెట్టేస్తే? ఇప్పుడే, ఎవరూ లేరు. గడ్డిలోంచి తీయడం, నాలుగు మరలు తిప్పడం, అంతే కదా. వానజల్లు గాలికి వాలి సరిగ్గా ఆ డబ్బా మీదనే పడుతోంది. లోపల రెండు రంధ్రాలు, నల్లగా, ముక్కుపుటాల లాగా. వాటిలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె అన్నది నిజమేనేమో అని ఒక పురుగు లోపల తొలుస్తూనే ఉంది. నిజమైతే అతను చెప్పింది నిజమవుతుంది. అతను చెప్పినవన్నీ నిజాలే అయితే ఆమె వినడంలో తప్పేముంది? లేదు, నేను పెట్టను. మా తాతల నాటి నుంచి లేని మూత ఇవాళ లేకపోతే ఏం ప్రళయం వస్తుందో చూస్తాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, అట్లాగే ఉంది నా పని, తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన కడుపులో మంట చల్లారుతుందా? రేపు ఇన్‌స్పెక్టరు ముందు అతను తల దించుకుని నిలబడతాడు, ఆమె చూస్తుంది. ఆమె చూడాలి. అదొక్కటి జరిగితే నాకు చాలు.

నవ్వు వినిపించింది. వాన హోరులో కూడా ఆ నవ్వు నేను గుర్తుపడతాను. వాకిలి తడిక తోసుకుని వచ్చారు, ఒకే గొంగడి, దాని కింద నాలుగు కాళ్లు. అతని భుజానికి పనిసంచి, ఆమె భుజం అతని భుజానికి తగులుతోంది. ఏమని నవ్వుకుంటూ వచ్చారో! ఇక్కడ బర్రె చస్తోందని కదా పోయింది? నేను లేచాను. ముందు ఆ గొలుసు విప్పాలి, పైపుకు కట్టానని అతను చూడకూడదు, చూస్తే మళ్లీ ఆమె ముందు నాకు పాఠం చెబుతాడు. గడ్డి మీదినుంచి దిగి నీళ్లలో కాలు పెట్టాను. గొలుసు పట్టుకున్నాను.

ఎవరో నా చేతిని భుజందాకా పిండేశారు. పళ్లు గిట్టకరుచుకుపోయాయి, లోపలినుంచి ఒక అరుపు బయలుదేరింది కాని బయటికి రాలేదు, చంద్రి మోకాళ్ల మీద పడింది, ఆ పడడంలో గొలుసు నా చేతినుంచి ఊడింది, నేను వెల్లకిలా గడ్డిలోకి వచ్చి పడ్డాను. ఇదా? ఇంతసేపూ దీనికి, ఈ మూగదానికి, నేను కట్టేసి చూపించింది ఇదా? తలెత్తేసరికి కొమురమ్మ గొంగడి పారేసి పరుగున వస్తోంది, ఉత్త కాళ్లతో, చేతులు చాచి, చంద్రీ అంటూ.

"కొమ్రీ! ముట్టకు! నీళ్లల్ల అడుగు వెట్టకు!"

నా గొంతులో అంత కేక ఉందని నాకు తెలియదు. ఆమె ఒక కాలు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. ఆ ఎత్తిన పాదం కింద నీళ్లు, ఆ నీళ్లలో వానచుక్కలు, నాకు ఇంకేమీ కనబడలేదు, అతను కూడా కనబడలేదు. పడితే చచ్చిపోతుంది. ఆమె పోతే ఎవరి మీద ఏడవాలి, ఎవరి కోసం కాచుకోవాలి? వైకుంఠం ఇంట్లోకి ఉరికి మెయిన్ స్విచ్చి దించాడు. చంద్రి ఒక్కసారి ఒళ్లు విదిలించి, పెద్దగా ఊపిరి విడిచి, లేచి నిలబడింది.

అతను పంచె ఎగ్గట్టి డబ్బా దగ్గరికి వచ్చాడు. చూశాడు. "మూతేది?" అన్నాడు.

నేను పడ్డప్పుడు గడ్డి చెదిరింది. పసుపు రాసిన మూత అంచు, కుంకుమబొట్టు, నా మోచేతి పక్కనే, పండుగ నాటి పళ్లెం లాగా మెరుస్తోంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు నేను మోకాళ్ల మీది గడ్డి దులుపుకున్నాను. వైకుంఠం మూతను చూశాడు, నన్ను చూశాడు. అతను అంతా కనిపెట్టేశాడని అనుకున్నాను.

"నేనే తీసిన బావా," అంది కొమురమ్మ. "రేపు సాబొస్తడంటివి గద, మంచిగ తోముదామని తీసి గడ్డిల వెట్టిన. గంతల్నే వాన జొచ్చె. ఆగమాగమై మరిచిన. ఆయనకెరుకనే లేదు."

"నీ తోముడు పాడుగాను! పాణం వోతుండె గదనే! మరి ఈ పైపుకు గొలుసు గట్టింది ఎవలు?"

"గది గూడ నేనే. పగ్గం నానిందని."

"చూడు, గుంజి గుంజి, కరెంటును భూమిలకు దించే ఎర్త్ తీగ తెగింది. డబ్బాల నీళ్లు, కింద తీగ లేదు, ఇగ కరెంటు బర్రెలకు రాక యాడికి వోతది? బీరయ్యా, దీనికంటె ఎరుక లేదు, నువ్వన్న జర జూడొద్దా?"

చూస్తాను అన్నాను. అతను తీగ కలిపాడు, డబ్బా తుడిచి ఆరబెట్టాడు, రబ్బరు సరిచేసి మూత బిగించాడు, మెయిన్ ఎత్తాడు. రేపు ఇన్‌స్పెక్టరు తడిమి చూసి దస్తకతు చేస్తాడు. చాయ తాగిపో అని ఆమె అంటే, చీకటి పడుతోంది మరదలా అని, తలకు రుమాలు చుట్టుకుని వానలోనే పోయాడు. గొంగడి తీసుకుపొమ్మన్నా వద్దన్నాడు.

ఆమె చంద్రిని పగ్గంతో గుంజకు కట్టింది. చెవి వెనక గోకింది. చెక్కపీట తుడిచి వేసింది. చేతిదీపం పట్టుకుని అవతలివైపు కూర్చుని, "కూసో. ఇప్పుడు ఇస్తది" అంది. మూత గురించి ఒక్క మాట లేదు, తిట్టు లేదు, చూపులో కూడా ఏమీ లేదు. కూర్చున్నాను. చాలాసేపటికి చంద్రి చేపింది, చెంబులో పాల చప్పుడు మొదలైంది. ఆమె కాళ్ల మీద పడి ఏడవవలసిన మనిషిని నేను. నా తప్పు నెత్తిన వేసుకుంది, నన్ను అతని ముందు తల దించుకోనివ్వలేదు. మధ్యాహ్నం పిడకల దగ్గర ఉన్న మనిషి, డబ్బా దగ్గరికైనా రాని మనిషి, అతని కళ్లలోకి సూటిగా చూస్తూ ఎంత నున్నగా చెప్పింది! గొంతు వణకలేదు. పైపు మాట అడిగితే పగ్గం నానిందని అప్పటికప్పుడు అల్లింది. మూత తీసినవాణ్ణి నేనే అయి ఉండి, పక్కనే కూర్చుని ఉండి, ఒక్క క్షణం నేను కూడా నమ్మాను. నా కోసం అతనికి ఇంత బాగా చెప్పగలిగిన మనిషి, అతని కోసం నాకు ఇన్నాళ్లూ ఏమేం చెప్పిందో! చెంబు మీదినుంచి తలెత్తి ఆమె వైపు చూశాను. దీపం వెలుగులో ఆమె కూడా నన్నే చూస్తోంది, సూటిగా, రెప్ప వేయకుండా.